ఆరో బల్ల

మొదటి బల్ల లేచింది. నలభై మంది ఒక్కసారి కుర్చీలు వెనక్కి జరిపిన చప్పుడుకు బార్బలీనా ఉలిక్కిపడింది, ఇంకా ఐదు బల్లలున్నాయి, ఇంకా టైముంది అనుకుంది, అనుకున్న మరుక్షణమే అది తనకెంత పాత మాటో తోచి తల దించుకుంది. ఇంకా టైముంది. పంతొమ్మిదేళ్ళుగా దేవుడికి ఆమె ఇస్తున్న జవాబు అదొక్కటే, గుమ్మంలో నిలబడ్డ చుట్టాన్ని లోపలికి రమ్మనకుండా మాటలతో సాగదీసినట్టు. చర్చి నిండా నలుపు. ఆడవాళ్ళందరూ నల్ల కెబాయాలు, పొడుగు చేతుల రవికలు, తొడిగి, భుజాన నల్ల గుడ్డ మడతపెట్టి వేసుకున్నారు, మగవాళ్ళు నల్ల కోట్లలో చెమటలు కక్కుతున్నారు, మధ్యన పొడవాటి బల్ల మీద పరిచిన తెల్ల దుప్పటి ఒక్కటే కళ్ళకు కొడుతోంది. శుభ శుక్రవారం నాడు ప్రభువు బల్లకు ఊరంతా వస్తుంది, వాడవాడకూ ఒక విడత, రొట్టె ముక్క, గుక్కెడు ద్రాక్షరసం, ఒక చరణం పాట, లేవడం, మళ్ళీ ఇంకో వాడ. ఆఖరిది, ఆరోది, సంఘపెద్దల బల్ల. ఈ జనవరిలోనే ఆమెను సంఘపెద్దగా ఎన్నుకున్నారు, చేతులెత్తిన వాళ్ళలో ఒక్కరూ తటపటాయించలేదు, బార్బలీనా అంటే నోట్లో నాలుక లేని మనిషి, వంకపెట్టడానికి లేని మనిషి. పెద్దల బెంచీ పక్కవాటంగా వేసి ఉంటుంది, అక్కడినుంచి చూస్తే పక్క తలుపులోంచి బయట మెట్లు కనిపిస్తాయి, మెట్ల మీద ఒక ముసలివాడి వీపు కనిపిస్తుంది, పక్కనే గోడకు చేర్చిన చేతికర్ర. ఇన్నేళ్ళూ ఆడవాళ్ళ వరసలో వెనక కూర్చున్నందుకు ఆ వీపు కంటపడలేదు, ఇప్పుడు ఎటు తిరిగినా అదే కనిపిస్తోంది.

రెండో బల్ల కూర్చుంటోంది. వెదురు పిల్లనగ్రోవుల వాళ్ళు పాట ఎత్తుకున్నారు, వాళ్ళలో ఒకడి శ్వాస ఎప్పటిలాగే చరణం చివర తేలిపోయింది. దేవుడు మాట్లాడితే భూమి అదురుతుందని చిన్నప్పుడు ఆమె అనుకునేది. మొదటిసారి విన్నది వంటింట్లో, సగ్గుపిండిలో వేణ్ణీళ్ళు పోసి గరిటె తిప్పుతుంటే, పిండి గంజిలా చిక్కబడే ఆ ఒక్క క్షణంలో చెయ్యి ఆపకూడదు, సరిగ్గా అప్పుడే వినిపించింది, వెళ్ళి చెప్పు. రెండే మాటలు. గొంతు పెద్దది కాదు, కోపం లేదు, కూతురు చెప్పిన పని చేస్తుందిలే అన్న నమ్మకంతో తల్లి పెరట్లోంచి పిలిచినట్టుంది. ఆ నమ్మకమే ఆమెను ఎక్కువ బాధపెట్టేది. తిట్టి ఉంటే ఎదురు తిరిగేది, బెదిరించి ఉంటే ఏడ్చి ఊరుకునేది. రోడ్డు పక్కన చాపల మీద లవంగాలు ఎండబోస్తుంటే వినిపించింది, కూతురికి జడ వేస్తుంటే వినిపించింది, భర్త అబ్నేర్ పక్కన పడుకుని అతని గురక వింటుంటే ఆ గురకల మధ్య సందులో వినిపించింది, వెళ్ళి చెప్పు, వెళ్ళి చెప్పు. వినబడలేదని అబద్ధమాడటానికి వీల్లేనంత స్పష్టంగా వినిపించింది. ఆమె పెడచెవిన పెట్టింది. పెడచెవిన పెట్టి, ఆ పూట ప్రార్థన రెట్టింపు చేసింది, తను మాట్లాడుతూ ఉన్నంతసేపూ అవతలి గొంతు వినిపించదు కదా, అది ఎవరూ నేర్పకుండానే కనిపెట్టింది. ఊళ్ళో బార్బలీనా అంత ప్రార్థనాపరురాలు లేదని పేరు అలా వచ్చిందే.

ఏం చేశావు, గుల్లలే కదా, అని ఒక్కోసారి తనకు తాను చెప్పుకుంటుంది. తొమ్మిది గుల్లలు. అరచేయంత లోలా గుల్లలు, ముత్యపు మెరుపువి, గుండీలు చేసేవాళ్ళు ఎగబడి కొనేవి. అప్పుడు రెండేళ్ళపాటు ఒడ్డు ముందరి పగడపు దిబ్బకు ససి, అంటే ఎవరూ చెయ్యి పెట్టకూడదన్న కట్టు, పెట్టి ఉంది, పాత పాస్టరు చర్చిలో మోకరించి సముద్రపు ఆ మూలను దేవుడి చేతికి అప్పగించాడు, ఒడ్డున లేత కొబ్బరి మట్టలు పాతారు, మళ్ళీ ప్రార్థన చేసి తెరిచేదాకా గుల్ల మీద చెయ్యి వేస్తే ఆ చెయ్యి మనిషి జోలికి కాదు, దేవుడి జోలికి పోయినట్టు. పిల్ల నీరసంగా ఉంది, పులుసు కాచి పెడదామని తీశాను, అని చాలాకాలం అనుకుంది. పిల్ల జ్వరం అంతకు పది రోజుల ముందే తగ్గింది. ఆ సంగతి ఒప్పుకోవడానికి ఆమెకు ఏడేళ్ళు పట్టింది. అసలు కారణం కెబాయా. పెళ్ళయి ఎనిమిదేళ్ళయినా ప్రభువు బల్లకు అత్తగారి పాత కెబాయాలోనే వెళ్ళేది, చంకల కింద కుట్లు ఊడినది, మోచేతుల దగ్గర ఎర్రబారినది. అత్త దోర్కాస్ నలుగురిలో నవ్వుతూ అనేది, "మా కోడలు పరలోకానికి కూడా నా బట్టల్లోనే వెళ్తుందమ్మా, అక్కడ నన్ను గుర్తుపట్టడం వాళ్ళకు తేలిక." అందరూ నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది. పెద్ద ఆటు నాడు సముద్రం ఇంతదూరం వెనక్కి పోయి దిబ్బంతా ఎండకు బయటపడింది, తినే ఆలిచిప్పలు ఏరుకోవడానికి దిగింది, అది తప్పు కాదు, ముక్కు కొండ కింద రాతి గుంటలో కాలు పెట్టేసరికి కనిపించాయి, ఒకదాని పక్కన ఒకటి. చేతిలోకి తీసుకున్నప్పుడు చల్లగా బరువుగా ఉన్నాయి. ఆ సంతోషం ఇప్పటికీ గుర్తుంది, అదే సిగ్గు, భయం కంటే ముందు సంతోషం కలిగింది. వారానికోసారి వచ్చే బట్టల పడవవాడు మారు మాట్లాడకుండా గుల్లలు తీసుకుని నల్ల గుడ్డ కొలిచి ఇచ్చాడు. ఆ గుడ్డే ఇవాళ ఒంటి మీద ఉంది, పంతొమ్మిదిసార్లు ప్రభువు బల్ల ముందు కూర్చుంది. అత్త దోర్కాస్ చూసి కుట్టు బాగుందని ఒప్పుకుంది.

అప్పటి దిబ్బ కాపలాదారు బాపా మెల్కి. మెల్కియానుస్ అన్న పూర్తి పేరుతో ఎవరూ పిలవరు, ఊరంతటికీ బాపాయే, తండ్రి వరస. చర్చే ఆయన్ను కాపలా పెట్టింది. గుల్లలు పోయిన రెండు వారాలకు ఆయన దిబ్బ మీద తిరుగుతుంటే, రాయిలా అడుగున పడి ఉండే చేప ముల్లు ఒకటి మడమలో దిగింది, కాలు తొడదాకా వాచింది, నల్లబడింది. వేరే ఊరైతే చేప ముల్లు అనేవాళ్ళు. ఈ ఊళ్ళో ఏమంటారో ఆమెకు ముందే తెలుసు. ససి పట్టుకుంది, అన్నారు. దేవుడికిచ్చిన సముద్రంలో చెయ్యి పెట్టినవాణ్ణి సముద్రమే పట్టుకుంటుంది, కాపలా మనిషి కంటే తీరిక ఎవరికుంటుంది అన్నారు, వెళ్ళి చూశారు, ముక్కు కొండ గుంట ఖాళీగా ఉంది. ఇంకేం కావాలి? పెద్దలు ఊళ్ళోవాళ్ళను వెంటబెట్టుకుని రోజూ సాయంత్రం ఆయన మంచం చుట్టూ చేరి పాడారు, ఒప్పుకో మెల్కి, ఒప్పుకుంటే కాలు తగ్గుతుంది, ఒప్పుకోకపోతే కాలుతో పోదు, అని బతిమాలారు, బతిమాలిన వాళ్ళలో చెడ్డవాళ్ళు ఎవరూ లేరు, కన్నీళ్ళతోనే అడిగారు. ఆయన నలభై రోజులు నేను తియ్యలేదన్నాడు. నలభై ఒకటో రోజు జ్వరం నెత్తికెక్కి, అవును, నేనే తీశానన్నాడు. వారంలో కాలు తగ్గింది. మధ్యలో నర్సు సూదులు పొడిచిన మాట ఎవరికీ గుర్తు లేదు. ఎప్పుడు తీశావని ఒక్కరూ అడగలేదు, అడిగి ఉంటే చాలు. ఆ పెద్ద ఆటు నాడు బాపా మెల్కి ఊళ్ళోనే లేడు, భార్య నెల్చికి కడుపునొప్పి ముంచుకొచ్చి పడవలో సపరువా ఆసుపత్రికి తీసుకెళ్ళాడు, మూడు రోజులు అక్కడే ఉన్నాడు. కాపలా పాక ఖాళీగా ఉందని చూసుకునే బార్బలీనా అంతదూరం దిగింది. గుల్లలు ఏ రోజున పోయాయో తీసిన మనిషికి తప్ప తెలీదు. ఆయన్ను బయటపడేసే మాట భూమ్మీద ఒక్క నోట్లోనే ఉంది, ఆ నోరు తేలు కుట్టిన దొంగలా మూసుకుని కూర్చుంది.

కాలు తగ్గిన రోజున ఆమెకు ఏడుపొచ్చింది, పక్కవాళ్ళు సంతోషమనుకున్నారు. అబద్ధం ఒప్పుకున్న మనిషిని దేవుడు ఎందుకు బాగుచేశాడు? బాగుచేసి ఊరి నమ్మకాన్ని ఎందుకు గట్టిచేశాడు? ఆ ప్రశ్న వెనక ఆమె చాలా ఏళ్ళు దాక్కుంది. ఏమో, ఆయనా ఎప్పుడో ఒకటి రెండు తీసే ఉంటాడేమో, లేకపోతే ఎందుకు ఒప్పుకుంటాడు, అనుకుంది కూడా, అనుకున్నందుకు రెండు రోజులు అన్నం సయించలేదు, మూడో రోజు సయించింది. సాకులకు కొదవేముంది. ముందు పిల్ల సంఘంలో చేరనీ అంది. పిల్ల చేరింది. అత్తగారి ప్రాణం పోయాక అంది, ఆవిడ నిక్షేపంగా ఎనభై ఎనిమిదేళ్ళు బతికి పోయింది. అబ్నేర్ సంఘపెద్దగా దిగిపోయాక అంది, అతను దిగిపోయాడు, ఆ పదవి ఈమె నెత్తి మీదికే వచ్చింది. ఈలోగా చర్చి మన్నించి పిలిచినా బాపా మెల్కి బల్ల దగ్గరికి రావడం మానేశాడు. నేను యోగ్యుణ్ణి కాను, మెట్ల మీద కూర్చుంటాను, పాట వినిపిస్తే చాలన్నాడు. మొదట్లో పాపం అన్నారు, తర్వాత మెచ్చుకున్నారు, ఇప్పుడు ఏ పాస్టరు వచ్చినా పశ్చాత్తాపం గురించి చెప్పేటప్పుడు మెట్ల వైపు చెయ్యి చూపిస్తారు. ఆయన పశ్చాత్తాపం ఊరికి ఒక పాఠమైంది. తన మౌనం ఆ పాఠం కింద భద్రంగా పడి ఉంది.

మూడో బల్ల. అబ్నేర్ వాళ్ళ వాడ ఇదే, అతను ముందుకు వెళ్తూ ఆమె వైపు చూసి కోటు గుండీ పెట్టుకోనా అన్నట్టు సైగ చేశాడు, పెట్టుకోమని తలూపింది, ఇరవై ఏడేళ్ళ కాపురంలో అతనికి ఏ గుండీ సంగతీ ఆమె చెప్పకుండా తెలీదు, ఈ ఒక్క సంగతి మాత్రం చెప్పలేదు. బల్లకు ముందు వారం పెద్దలు ఇంటింటికీ వెళ్ళి అడగాలి, ఎవరితోనైనా పగ ఉందా, ఎవరైనా మీకు అన్యాయం చేశారా, ఉంటే ముందు సమాధానపడి రండి అని. ఈసారి ఆమె వంతుకు వచ్చిన వీధిలో బాపా మెల్కి ఇల్లు ఉంది. తప్పించుకోవాలని చూసింది, మోకాలు నొప్పి అంది, ఇప్పుడు చర్చికి పాస్టరుగా ఉన్న పాస్టరమ్మ నవ్వి, "ఆ వీధి అంతా పల్లమే కదా అక్కా," అంది. జత వచ్చిన తోటి సంఘపెద్ద ఫ్రాన్సీనా వీధి చివర ఎవరితోనో ముచ్చట్లలో పడింది, ఈమె ఒక్కతే గుమ్మంలోకి వెళ్ళింది. ముసలాయన చేపల వల బాగుచేసుకుంటున్నాడు, లేచి కుర్చీ తుడిచి వేశాడు, టీ పెట్టబోయాడు. "బాపా, నీకెవరితోనైనా మనస్పర్థ ఉందా?" అని ఆమె అడిగింది, అడుగుతున్నది తన నోరేనా అని ఆమెకే అనుమానం వచ్చింది. "నాకెవరితో ఉంటుందే లీనా? ఉంటే నాతో నాకే. అది మీ చిట్టాలో ఎక్కేది కాదులే." అని నవ్వాడు, పళ్ళు లేని నవ్వు. ఆమె కూడా నవ్వి లేచింది. గుమ్మం దాటుతుండగా వినిపించింది, వెళ్ళి చెప్పు, వెనక్కి తిరిగితే నాలుగు అడుగులు, అప్పుడే ఫ్రాన్సీనా వచ్చి చెయ్యి పట్టుకుంది, ఆ చెయ్యి దొరికినందుకు ప్రాణం కుదుటపడింది. దేవుడి మాటకంటే ఫ్రాన్సీనా చెయ్యి నయమనిపించింది.

నాలుగో బల్ల లేచింది, అయిదోది నడుస్తోంది, కిటికీలోంచి వచ్చే ఉప్పు గాలికి తెల్ల దుప్పటి అంచు లేచి పడుతోంది. పొద్దుటినుంచి ఆ గొంతు వినిపించలేదన్న సంగతి ఆమెకు అప్పుడు తట్టింది. నిన్న కూడా వినిపించలేదు. అంతకుముందు రోజు? గుమ్మం దగ్గర విన్నదే ఆఖరు. చెవి ఒగ్గింది. పిల్లనగ్రోవులు, దగ్గులు, ఒక పసిపిల్ల ఏడుపు, సముద్రం. పంతొమ్మిదేళ్ళు అది మానేస్తే చాలు దేవుడా అని మొక్కిన మనిషి, అది మానేసిందనగానే మళ్ళీ ఒక్కసారి వినిపించమని వేడుకుంది. చెప్పీ చెప్పీ విసిగిపోయి ఊరుకున్నాడా? ఇక నీ ఇష్టం అన్నాడా? ఆమె లేచి నిలబడింది. పక్కనున్న ఫ్రాన్సీనా కెబాయా పట్టి లాగి గుసగుసగా, "ఉసీ, ఎక్కడికి? తర్వాత మనమే. ఇప్పుడు కడుపు గడబిడ పెట్టుకున్నావేంటి?" అంది. ఉసి అంటే అక్క, ఫ్రాన్సీనా ఆమెను పదేళ్ళుగా అలాగే పిలుస్తోంది. "వస్తా," అంది బార్బలీనా, పక్క తలుపులోంచి బయటికి నడిచింది. నాలుగు మెట్లు. ముసలాయన తల తిప్పి చూశాడు.

"ఏంటే లీనా, ఒంట్లో బాలేదా? నీళ్ళు తెమ్మంటావా?"

ఆమె పక్కన మెట్టు మీద కూలబడింది. ఎన్నిసార్లు మనసులో కూడబలుక్కున్న మాటలో, ఒక్కటీ నోటికి రాలేదు. "బాపా, ఆ గుల్లలు నేను తీశాను," అంది.

"ఏ గుల్లలు?"

"ముక్కు కొండ కింద. తొమ్మిది లోలాలు. నువ్వు కాదు, నేను. ఇన్నేళ్ళూ చెప్పలేదు. నన్ను కొట్టు, తిట్టు, ఏమైనా చెయ్యి."

ఆయనకు కోపం వస్తుందనుకుంది, రాలేదు, జాలి వచ్చింది. గరుకు అరచేయి ఆమె తల మీద వేశాడు. "పిచ్చిదానా. పెద్దరికం ఇచ్చారని ఊరి బరువంతా నెత్తికెత్తుకుంటావా? ఇంకొకడి పాపం మోయడం మనవల్ల కాదమ్మా. మోసినాయన ఒకడున్నాడు, ఇవాళ ఆయన రోజే."

"కాదు బాపా, నిజంగా నేనే..."

"నేనే తీశానే. నాకు గుర్తులేదా? మధ్యాహ్నం పూట, నీళ్ళు బాగా వెనక్కి పోయాయి. గుంటలో కాలు పెట్టా. ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. చేతిలోకి తీసుకుంటే ఇంత చల్లగా, ఇంత బరువుగా..." ఆయన గాలిలో ఏదో పట్టుకున్నట్టు వేళ్ళు ముడిచాడు. బార్బలీనా ఆ వేళ్ళ వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ చల్లదనం తనది, ఆ గుంట తనది, తన పాపం ఈ మనిషి పంతొమ్మిదేళ్ళు రోజూ తలుచుకుని తలుచుకుని, అడుగడుగూ ఊహించి, ఏడ్చి, తనదిగా చేసుకున్నాడు. తిరిగి ఇచ్చేయమంటే ఇవ్వడానికి ఆయన దగ్గర ఇంకేం మిగిలింది?

"గుల్లలు పోతే పోయాయి," అన్నాడు ఆయన, గొంతు తగ్గించి. "సముద్రం మళ్ళీ ఇస్తుంది. నాకు నిద్రపట్టనిది అది కాదు. నలభై రోజులు నా ప్రభువు మొహం మీద, తియ్యలేదు ప్రభూ తియ్యలేదు ప్రభూ అని అబద్ధమాడానే, అది. ఆ నలభై రోజులు ఎలా కడగమంటావు? అందుకే లోపలికి రాను. పో తల్లీ, అయిదో బల్ల లేస్తోంది, నీకోసం చూస్తుంటారు."

సపరువా అన్న మాట ఆమె నాలుక చివరికి వచ్చింది. ఆ మాట వెంట నెల్చి వస్తుంది, ఆసుపత్రి వస్తుంది, ఈయన భార్య మెలికలు తిరిగిపోతున్న పూటే మంచి అదను అనుకున్న తను వస్తుంది. తీశానని చెప్పడం అంత కష్టం కాలేదు. ఎప్పుడు తీసిందో చెప్పడానికి నోరు పెగల్లేదు. ఆమె లేచింది, లోపలికి వచ్చింది, చెప్పాను కదా, నమ్మకపోతే నా తప్పా, అని మనసు అప్పుడే మొదలుపెట్టింది, ఆ మాటలోని హాయి చూసి ఆమెకు భయమేసింది. సగం చెప్పి చేతులు దులుపుకోవడం ఆమెకు కొత్త కాదు. ఇన్నేళ్ళ ప్రార్థనలన్నీ సగం చెప్పినవే.

పెద్దలు పదకొండు మంది కూర్చుని ఉన్నారు. ఒక కుర్చీ ఖాళీ. పాస్టరమ్మ రొట్టె పళ్ళెం చేతిలోకి తీసుకుని ఆమె కూర్చునేదాకా ఆగింది. బార్బలీనా కుర్చీ వెనకే నిలబడి రెండు చేతులతో దాని వీపు పట్టుకుంది.

"నేను కూర్చోనమ్మా," అంది. గొంతు ఎంత చిన్నగా వచ్చిందంటే వెనక వరసలవాళ్ళు మెడలు సాచారు. మళ్ళీ చెప్పింది, ఈసారి గట్టిగా. "పంతొమ్మిదేళ్ళ కిందట ససి దాటి గుల్లలు తీసింది నేను. బాపా మెల్కి కాదు. నేను తీశాను, బట్టకు మార్చుకున్నాను, ఆయన మంచాన పడి తియ్యలేదని చెప్తుంటే మీ అందరితో కలిసి ఆయన మంచం చుట్టూ నిలబడి పాడాను."

అబ్నేర్ తల పైకెత్తాడు. ఫ్రాన్సీనా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు పక్క తలుపు దగ్గర కర్ర చప్పుడైంది. బాపా మెల్కి గడప దాటాడు. శుభ శుక్రవారం నాడు ఆయన ఆ గడప దాటి పంతొమ్మిదేళ్ళయింది, అందరి తలలూ అటు తిరిగాయి, ఆయన ఎవరినీ చూడకుండా బల్ల దాకా నడిచి వచ్చాడు, రొప్పుతున్నాడు.

"నమ్మకండి," అన్నాడు. "దానిది మంచి మనసు, నా కోసం చెప్తోంది. మంచి పిల్ల. తీసింది నేనే. పాస్టరమ్మా, దానికి రొట్టె ఇవ్వండి."

కొందరు నిట్టూర్చారు, వెనక ఎవరో ముసలావిడ కళ్ళు తుడుచుకుంది. జనం ఆయన్నే నమ్ముతారని ఆమెకు తెలిసిపోయింది, పంతొమ్మిదేళ్ళ కన్నీళ్ళ ముందు తన ఒక్క మాట ఎంత? ఇప్పుడు ఊరుకుంటే చాలు, ఊరు ఆమెను ఇంకా ఎక్కువ మెచ్చుకుంటుంది. కుర్చీ వదిలి ఆయన వైపు తిరిగింది.

"బాపా, ఆ గుల్లలు పోయింది పెద్ద ఆటు నాడు, శనివారం. ఆ రోజు నువ్వు ఊళ్ళో లేవు. నెల్చి పిన్నిని పడవలో సపరువా తీసుకెళ్ళావు. మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. పిన్ని అల్లాడిపోతుంటే పడవ దాకా మోసిన వాళ్ళలో నేనూ ఉన్నా. పడవ కనపడకుండా పోయేదాకా ఒడ్డున నిలబడ్డా. కాపలా లేడు కదా అని అప్పుడు దిగా. నువ్వెలా తీస్తావు బాపా? నువ్వక్కడ లేవు."

ఆయన ఏదో అనబోయి ఆగాడు. పెదవులు కదులుతున్నాయి, రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు, పడవ, ఆసుపత్రి, మూడు రాత్రులు, తిరిగి రావడం. వేళ్ళు ఒక్కొక్కటే విప్పుకున్నాయి. ఆయన ముఖం వెలుగుతుందని ఆమె ఏ మూలో ఇంకా ఆశపడుతూనే ఉంది, విడుదలైన మనిషి ముఖం ఎలా ఉంటుందో ఎన్నోసార్లు ఊహించుకుంది. వెలగలేదు. ఆయన ఖాళీ కుర్చీ వీపు పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"నెల్చి పోయేముందు అడిగింది," అన్నాడు, ఆమెతో కాదు, ఎవరితోనూ కాదు. "నిజం చెప్పు, నువ్వే తీశావా అని అడిగింది. అవునన్నా. అది అటు తిరిగి పడుకుంది, మళ్ళీ ఇటు తిరగలేదు."

పాస్టరమ్మ పళ్ళెం బల్ల మీద పెట్టేసింది. ముసలాయన బార్బలీనాను అప్పుడు చూశాడు, మొదటిసారి కోపంగా, చిన్నపిల్లాడు అడిగినట్టు అడిగాడు, "అయితే నా నలభై రోజులు నిజమేనా?"

"నిజమే బాపా. ప్రతి రోజూ నిజమే."

"మరి ఇన్నేళ్ళూ నేను దేనికి ఏడ్చానే?"

ఆయన అడిగి, చెప్పేదాకా కదలనన్నట్టు అక్కడే నిలబడ్డాడు, ఆమె ఆయన ఎదురుగా నిలబడింది, పారిపోవడానికి ఈసారి సాకు కూడా వెతుక్కోలేదు.